పడవ ఆగని ఏరు

అట్టపెట్టె మూత తీయగానే చుట్ట వాసన గుప్పుమంది. లోపల ఉన్నది పాత గేమ్ కంట్రోలర్. ఐదేళ్ళుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అయినా వాసన పోలేదు. ఎడమ బొటనవేలితో తిప్పే పుల్ల మీద రబ్బరు అరిగి నున్నగా అయిపోయింది. కుడి వైపు బొత్తాలు మాత్రం నిన్న కొన్నట్టున్నాయి. కత్తి దూయాలన్నా, ఎవరినైనా తన్నాలన్నా నొక్కాల్సినవి ఆ కుడి బొత్తాలే. ఎడమ పుల్ల నడవడానికి, పడవను తిప్పడానికి. ఈ కంట్రోలర్ పట్టుకున్న మనిషి అందులో పడవ తప్ప మరేదీ నడపలేదని దాన్ని చూస్తేనే తెలిసిపోతుంది.

ఇవాళ పొద్దున ఒకబ్బాయి నా పాత వీడియో కింద అడిగాడు, "అక్కా, మొదటి ఆట కొనుక్కోనా, రెండోదా?" అని. ఆటల గురించి తెలుగులో వీడియోలు చేయడమే నా వృత్తి. అతను అడిగిన ఆట పేరు ఇక్కడ చెప్పను. చెబితే దాని అభిమానులు నా మీదికొస్తారు, వాళ్ళతో పోట్లాడే ఓపిక నాకిప్పుడు లేదు. ఒక విలుకాడు తన అన్నను చంపినవాళ్ళను వెతుక్కుంటూ ఒక పెద్ద ఏటి వెంట దేశమంతా తిరుగుతాడు, అదీ కథ. ఇలాంటివాటిని ఓపెన్ వరల్డ్ ఆటలంటారు. కథను పక్కన పెట్టి ఎటు కావాలంటే అటు పోవచ్చు, గుర్రం ఎక్కొచ్చు, పడవ వేసుకుని ఏటి మీద పడొచ్చు. మొదటి ఆట వచ్చిన నాలుగేళ్ళకు రెండోది వచ్చింది. రెండింటినీ పోలుస్తూ నేను చేసిన వీడియోతోనే నాకు పెద్ద పేరొచ్చింది. ఆ వీడియోలో నేను అబద్ధం చెప్పాను.

అప్పట్లో మేము రాజమండ్రిలో గోదావరి గట్టుకు దగ్గర్లో ఒక మేడ మీద వాటాలో ఉండేవాళ్ళం. కింది వాటాలో సత్తియ్య గారు, ఆయన భార్య నాగమణి గారు. సత్తియ్య గారు లాంచీ సరంగు, అంటే చుక్కాని పట్టి లాంచీ నడిపే మనిషి. పాపికొండల వైపు ముప్పై ఏళ్ళు నడిపారు. నేను ఎరిగేనాటికి ఆయన లాంచీ ఎక్కడం మానేసి ఏడాదైంది. ఒకరోజు మధ్యాహ్నం ట్యాంకు పొర్లిపోతోంది, మోటారు ఆపమని చెప్పడానికి పైకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. టీవీలో నేను పడవ నడుపుతున్నాను.

"ఏ ఏరమ్మా ఇది?"

"నిజం ఏరు కాదు బాబాయ్‌గారూ, గేమ్."

"ఏదైతేనేం. ఎడమేపు తియ్యకు, ఇసక మేటుంది."

ఆయన మాట పూర్తి కాకముందే పడవ ఆగిపోయింది. నాకు చిరాకేసింది. "ఇది బగ్గండీ. ఎప్పుడూ ఇక్కడే ఇరుక్కుపోతుంది. చేసినవాళ్ళ తప్పు" అన్నాను.

"వాళ్ళ తప్పేంటమ్మా, నీ తప్పు. నీళ్ళ మీద ఆ సన్న ముడతలు చూడు. కింద ఇసకుంటేనే అలాగొస్తాయి. ఒంపు లోపలేపు ఇసక చేరుద్ది, బయటేపు లోతుంటది. దీన్ని చేసినోడెవడో గానీ ఏరెరిగినోడమ్మా."

అప్పటికి నేను ఆ ఆటను వంద గంటలకు పైగా ఆడాను. పడవ ఇరుక్కుపోవడం పెద్ద లోపమని, ఇలాంటి ఆట ఎలా అమ్ముతారని చేతులు తిప్పుతూ వీడియో కూడా పెట్టేశాను. గోదావరి పక్కన పుట్టి పెరిగినదాన్ని, ఏటిలో ఇసుక ఎక్కడ చేరుతుందో తెలియదు. తల కొట్టేసినట్టయింది. ట్యాంకు సంగతి ఇద్దరమూ మరిచిపోయాం. కింద నుంచి నాగమణి గారు కేకేస్తే గాని గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి ఆయన రోజూ భోజనం అయ్యాక పైకొచ్చేవారు. చుట్ట గుమ్మం బయటే ఆర్పేసేవారు గాని, వేళ్ళకున్న వాసన కంట్రోలర్‌కు పట్టేసింది. అన్నను చంపినవాళ్ళ ఊసు ఆయనకు అక్కర్లేదు. "పోయినోడు ఎలాగూ పోయాడు" అనేవారు. ఒంపు దాటిన ప్రతిసారీ ఒడ్డు మీది మొద్దుకో, నీళ్ళలో పాతుకుపోయిన దుంగకో కంట్రోలర్ పైఅంచు మీట నొక్కి ఒక బాణం గుచ్చేవారు. ఆ ఆటలో గుచ్చిన బాణం మనం పీక్కునేదాకా అక్కడే ఉంటుంది. ఎందుకండీ అని అడిగితే, ఏటా వరద తీశాక గోదావరి తన దారి మార్చుకుంటుందని, లాంచీలు తిరిగే ముందు సరంగులు కొత్త దారి వెతికి వెదురు గడలు పాతుకుంటూ వస్తారని చెప్పారు. "మన వెనకొచ్చేవాడికి తెలియాలి కదమ్మా" అన్నారు. ఆ ఆటలో ఆయన వెనక వచ్చేది నేనొక్కదాన్నే.

"లాంచీ మీంచి దింపేశారని గోళ్ళు కొరుక్కుంటాడనుకున్నా. గోడకి ఏరు తగిలించుకున్నాడు" అని నాగమణి గారు ఎకసెక్కమాడేవారు. యజమాని ఆయన్ని లాంచీ మీంచి ఎందుకు దింపేశాడో కూడా ఆవిడే చెప్పారు. ఒక వర్షాకాలం, పెళ్ళివారు లాంచీ మాట్లాడుకున్న రోజు, సత్తియ్య గారు రేవులో నిలబడి నీళ్ళ రంగు చూసి ఇవాళ వద్దన్నారు. యజమాని బతిమాలాడు, తిట్టాడు. ఈయన కదల్లేదు. పక్కనే ఉన్న నూకరాజు అనే సరంగు నేను పోతానని చుక్కాని పట్టుకున్నాడు. లాంచీ వెళ్ళింది, సాయంత్రానికి క్షేమంగా తిరిగొచ్చింది. పెళ్ళివారు పాటలు పాడుకుంటూ దిగారు. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే ఆయన నేరమైంది. రేవులో ఆయన కనిపిస్తే చాలు, ఇవాళ నీళ్ళు ఎలా ఉన్నాయి సత్తియ్యా అని అడిగి నవ్వేవారట. ఈ సంగతి ఆయన నా దగ్గర ఒక్కసారే ఎత్తారు. "అందరూ ఒడ్డెక్కారు, అది చాలు. కానీ నీళ్ళు మాత్రం బాగోలేదమ్మా" అన్నారు, అంతే.

నాకు పని నేర్పింది ఆయనే. నేను వీడియో కోసం రాసుకున్నది ఒకసారి చదివి వినిపించాను. అద్భుతం, అమోఘం, గ్రాఫిక్స్ అదిరిపోయాయి అంటూ నాలుగు పేజీలు. ఆయన ఓపిగ్గా విని, "ఇందులో నువ్వు చూసిందేంటి?" అన్నారు. నాకు అర్థం కాలేదు. లాంచీ ముందు భాగాన ఒక మనిషి గడ పట్టుకుని నిలబడతాడట. గడ వేసి లోతు ఎంతో సరంగుకు కేకేసి చెప్పాలి. మూడు మూరలు, రెండు మూరలు, గడ అందలేదు, ఏదైతే అది.

"వాడు 'బాగుంది, పోనియ్' అనకూడదమ్మా. బాగుందో లేదో నేను చూసుకుంటా. వాడు లోతు చెప్పాలి. లోతడిగితే బాగుందన్నోణ్ణి మర్నాడు నేను ఎక్కించుకోను."

ఆ రోజు నాలుగు పేజీలూ చింపేశాను. ఏటి గురించి, మేటల గురించి, బాణాల గురించి కొత్తగా చేసిన వీడియోను చాలామంది చూశారు. అందులో "నేను గమనించాను" అని ఏడెనిమిది సార్లు అన్నాను. ఆయన పేరు ఒక్కసారీ అనలేదు. ఆయన విని నవ్వి ఊరుకున్నారు. నాగమణి గారు మాత్రం నవ్వలేదు.

రెండో ఆట వచ్చేనాటికి నేను కాస్త పేరున్న మనిషినయ్యాను. విడుదలకు ముందే ఆడి చూడమని తయారీదారుల తరఫు వాళ్ళు నాకు పంపారు. గోదావరి జిల్లాల్లో ఆ గౌరవం దక్కింది నాకొక్కదానికే అనుకుని నేల మీద నడవలేదు. ఆట కూడా ఆషామాషీది కాదు. దేశం మూడింతలైంది. మొదటి ఆటలో కత్తియుద్ధమంటే కర్రలతో కొట్టుకున్నట్టుండేది, రెండో ఆటలో ప్రతి దెబ్బకూ బరువొచ్చింది. మనుషుల మొహాల్లో ఏడుపు, సిగ్గు తెలిసేవి. పట్నాలు నిజంగా పట్నాల్లా ఉన్నాయి. ఇదంతా వీడియోలో చెప్పాను, ఇదంతా నిజం.

ఏరు మాత్రం పోయింది. నీళ్ళు అద్దంలా మెరుస్తున్నాయి, అందులో మబ్బులు కూడా కనిపిస్తున్నాయి, కానీ కింద ఇసుక లేదు. ఒంపు లోపల, బయట ఒకటే. కళ్ళు మూసుకుని తోలినా పడవ ఎక్కడా ఆగదు. పోవాల్సిన దారి పొడుగునా తెర మీద పసుపు గీత కనిపిస్తుంది. గుచ్చిన బాణం పది లెక్కపెట్టేలోగా మాయమవుతుంది. మొదటి ఆటలో ఇరుక్కుపోతోందని నాలాంటివాళ్ళు గోల పెట్టాం కదా, వాళ్ళు విన్నారు. ఇవన్నీ నోట్‌బుక్‌లో వరసగా రాసుకున్నాను. ఏరు సంగతి ఎత్తితే ఫోన్‌లో ఆ తయారీదారుల తరఫు మనిషి నవ్వాడు. "నీళ్ళ సంగతి ఎవరు చూస్తారు మేడం? అంత చిన్న విషయం మీ స్థాయికి బాగోదు. తర్వాతి ఆటకి కూడా మిమ్మల్నే అనుకుంటున్నాం" అన్నాడు. అతను బెదిరించలేదు. నా పీక మీద ఎవరూ కత్తి పెట్టలేదు. ఆ పేజీ నేనే తీసేశాను. మొదటిదానికంటే రెండోది అన్ని విధాలా మెరుగని, ఏరు కూడా ఇంకా అందంగా ఉందని చెప్పాను.

ఆ వారంలోనే సత్తియ్య గారికి రెండో కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. నల్లద్దాలు పెట్టుకుని వీధరుగు మీద కూర్చుని ఉన్నారు. నేను మెట్లు దిగుతుంటే అడుగుల చప్పుడు గుర్తుపట్టారు.

"అమ్మాయ్, కొత్తది వచ్చిందంట కదా. మేటలు అలాగే ఉంచారా?"

"ఇంకా బాగుందండీ" అన్నాను. ఆగకుండా వీధిలోకి వెళ్ళిపోయాను.

నెల తర్వాత, టీవీ చూడొచ్చని డాక్టరు చెప్పిన రోజున, ఆయన పైకొచ్చారు. ఒక్కరే రాలేదు. పాత లాంచీ మనుషులు ఇద్దరిని వెంటబెట్టుకొచ్చారు. ఒకరు నూకరాజు. టీవీ ఆటలో మనిషి కట్టిన ఏటిలో కూడా ఇసుక చూసుకోకపోతే పడవ నిలబడిపోతుందని, వచ్చి చూడమని ఆయన రేవులో నెల రోజులుగా చెబుతున్నారట. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ఆట పాడైందనో, కరెంటు లేదనో చెప్పొచ్చు. నేను వాడే కంట్రోలర్ తీసి ఆయన చేతికిచ్చాను.

ఆయన పడవను మొదటి ఒంపు దాకా తెచ్చారు. "ఇదిగో, ఇప్పుడు లోపలేపు తీస్తున్నా. ఆగుద్ది, చూడండి" అన్నారు. పడవ ఆగలేదు. వెనక్కి తిప్పి మళ్ళీ తీశారు. మళ్ళీ ఆగలేదు. గుర్తుంటుందని పక్కనున్న మొద్దుకు బాణం గుచ్చారు. చూస్తుండగానే అది మాయమైంది. ఆయన నల్లద్దాలు తీసి, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని, మళ్ళీ చూశారు.

"ఆ రోజూ ఇంతేగా బావా" అని నూకరాజు తొడ చరిచి నవ్వాడు. "నీకెప్పుడూ లేని ఇసకే కనపడుద్ది."

రెండో ఆయన కూడా నవ్వాడు. సత్తియ్య గారు నా వైపు చూశారు. అప్పుడైనా నోరు తెరిచి, ఇది ఆయన చెప్పిన ఏరు కాదండీ, నేనే అబద్ధం చెప్పానని ఒక్క మాట అనొచ్చు. నేను టీవీ వైపు తల తిప్పుకున్నాను. ఆయన కంట్రోలర్ నెమ్మదిగా బల్ల మీద పెట్టారు.

"నాకింకా చూపు కుదరలేదెహె. ఆట మంచిదే, నేనే తప్పు తోలాను" అన్నారు వాళ్ళతో. నన్ను ఒడ్డుకు చేర్చి ఆయన మునిగారు. వాళ్ళిద్దరూ దిగిపోయాక, మెట్ల దగ్గర ఆగి నాతో ఒక్క మాటే అన్నారు.

"లోతడిగితే బాగుందన్నావమ్మా."

ఆ తర్వాత ఆయన మేడ ఎక్కలేదు. పైకొచ్చి పాత ఆట ఆడుకోవడానికని ఈ కంట్రోలర్ ఆయనకే ఇచ్చేశాను అంతకుముందెప్పుడో. నాగమణి గారు దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చి, "ఇంకొద్దంటమ్మా" అని నా చేతిలో పెట్టి వెళ్ళారు. రేపు దిగి క్షమాపణ అడుగుదాం, ఎల్లుండి అడుగుదాం అనుకుంటూనే ఉన్నాను. మొహం చెల్లలేదు. ఈలోగా వాళ్ళు యానాంలో ఉన్న కూతురి దగ్గరికి మారిపోయారు. రెండేళ్ళకు ఆయన పోయారు. ఆ సంగతి నాకు పెద్దకర్మ కూడా అయ్యాక తెలిసింది. ముందు చెప్పాల్సినంత దగ్గరి మనిషిని కాదనుకున్నారు, అది న్యాయమే.

ఆ వీడియోను నేను తీసెయ్యలేదు. అందులోని అబద్ధాన్ని సరిదిద్దనూ లేదు. ఇవాళ ఆ అబ్బాయికి మాత్రం జవాబు రాశాను. రెండో ఆటలో యుద్ధం బాగుంటుంది, మనుషులు బాగుంటారు, ఏటికి లోతు లేదు, పడవ ఎక్కడా ఆగదు, నేను అప్పుడు అబద్ధం చెప్పాను, ఆ ఏరు నాకు చూపించింది సత్తియ్య గారనే సరంగు అని రాశాను. ఐదు నిమిషాల్లో తిరుగు జవాబొచ్చింది. "పడవ ఆగకపోతే మంచిదే కదా అక్కా. రెండోదే కొంటా."

కంట్రోలర్‌కు ఛార్జింగ్ పెట్టి మొదటి ఆట తెరిచాను. ఆయన ఆపిన చోట నుంచే మొదలైంది. బాణాలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మొద్దుకొకటి, దుంగకొకటి, ఒంపు ఒంపుకూ ఒకటి. వాటిని పట్టుకుని చాలా దూరం పోయాను, పడవ ఎక్కడా తగల్లేదు. ఒక విరిగిన వంతెన దగ్గర ఆఖరి బాణం ఉంది. దాని తర్వాత ఏమీ లేవు. నీళ్ళ మీద సన్న ముడతలు ఎటున్నాయో చూసి, కుడి వైపు లోతుందని నాకు నేనే గట్టిగా చెప్పుకుని తిప్పాను. పడవ ఇసుకలో దిగబడి ఆగిపోయింది.