మూడు మ్యాపులూ, ఒక ఎర్ర ట్యాంకూ

ఆ రోజుల్లో దారి తెలియకపోవడం ఎవరికీ నామోషీ కాదు, నాకు తప్ప. ఇంటర్నెట్లో దారి చెప్పే సైట్లు అప్పుడప్పుడే వచ్చాయి. ఫోనులో కాదు సుమండీ. నెట్ సెంటర్‌లో కూర్చుని, బయల్దేరే చోటూ చేరే చోటూ కొట్టి, వచ్చిన దారిని ప్రింటు తీసుకుని మడిచి జేబులో పెట్టుకోవాలి. విశాఖ పోర్టులో గుమాస్తాగా కొత్తగా చేరిన నేను ఆ ఒక్క విద్యతో మా క్వార్టర్స్‌లో మేధావిగా చలామణీ అయిపోయాను. ఆ మేధావితనం నా కొంప ఎలా ముంచిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దువ్వాడ అవతల కొత్తగా వెలిసిన ఒక కాలనీలో నాకు పెళ్లిచూపులు కుదిరాయి. అమ్మాయి కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఫొటోలో నవ్వీ నవ్వనట్టు చూస్తున్న ఆ చూపు నాకు ఎంత నచ్చిందంటే, ఆ వారమంతా ఆఫీసులో లెడ్జరు తెరిచినా ఆ చూపే కనిపించేది. ఈ సంబంధం తప్పిపోతే నేను ఏమైపోతానో అని నిజంగానే భయం పట్టుకుంది. వాళ్ల నాన్నగారు ఫోను చేసి, ‘‘టేసన్ దాటినాక రైలు గేటొస్తాది బాబూ, అది దాటితే ఎర్ర నీళ్ల ట్యాంకు అవుపడతాది, దాని పక్క సందే’’ అని చెప్పబోతే, ‘‘ఫరవాలేదండీ, మ్యాపులున్నాయి’’ అని మధ్యలోనే ఆపేశాను. అప్పటి నా గొంతులో ధీమా గుర్తొస్తే ఆ కుర్రవాణ్ణి పట్టుకుని రెండు తగిలించాలనిపిస్తుంది.

పైగా ఒక సైటుతో సరిపెట్టుకోలేదు. మూడు చూశాను. (పేర్లు చెప్పను. ఉన్నవాళ్లతో తగవెందుకు, పోయినవాళ్లను తిట్టడమెందుకు.) మూడూ మూడు దారులు చెప్పాయి. నేనేమైనా తక్కువవాణ్ణా, కాగితం మీద గడులు గీసి దూరం, పట్టే సమయం, మలుపులు అన్నీ పక్కపక్కనే వేసి తులనాత్మక పట్టిక ఒకటి తయారుచేశాను. దాన్ని చూసి అందరికన్నా ఎక్కువ సంతోషించినవాడు మా మావయ్య. కారు ఆయనదే, నడిపేదీ ఆయనే. గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి పాతికేళ్లయినా ఊరి పట్టింపుల్లో ఒక్కటీ వదల్లేదు. శుభకార్యానికి బయల్దేరినవాళ్లను ‘ఎక్కడికి’ అని ఎవరూ అడగకూడదు. అడిగితే ఆగి, కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. ‘‘దారి అడిగామనుకో, ఎక్కడికండీ అంటాడు కదరా ఎదుటోడు. కాగితానికా గొడవ లేదు, నోరెత్తదు’’ అన్నాడు. (ఆ సైట్లన్నీ మొట్టమొదట అడిగేది ఆ ప్రశ్నేనని నేను చెప్పలేదు.)

ఆదివారం. నాలుగున్నరకు రాహుకాలం. ఆ లోపు గడప తొక్కాలి. అమ్మ, నేను, మావయ్య, ఒక పళ్ల బుట్ట రెండున్నరకే బయల్దేరాం. మొదటి మ్యాపు అతి దగ్గర దారని చెప్పి తిన్నగా రైలు పట్టాల ముందు నిలబెట్టింది. గేటు లేదు, వంతెన లేదు, కాగితం మీద మాత్రం రోడ్డు పట్టాల మీదుగా దర్జాగా వెళ్లిపోతోంది. రెండోది హైవే ఎక్కించి, దాదాపు అనకాపల్లి చూపించి, వెనక్కి తిప్పి ఒక జీడితోటలో వదిలేసింది. మూడోదానికి అసలు ఆ కాలనీ పుట్టిన సంగతే తెలియదు. ఒక కాలేజీ వెనక గోడ దగ్గర ‘మీరు గమ్యం చేరారు’ అంది. గోడకు పిడకలున్నాయి. ఈలోగా అమ్మాయి నాన్నగారి ఫోను మోగితే, ‘‘ఎత్తకు. ఎక్కడిదాకా వచ్చారని అడుగుతాడు’’ అన్నాడు మావయ్య.

అప్పుడు నాలుగూ పది. ఎండకు చున్నీ ముఖానికి చుట్టుకున్న ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చి మా పక్కన ఆపింది. ‘‘దారి తప్పిపోనారేటండీ? ఎక్కడికెల్లాలి?’’ అంది.

మావయ్య ముఖం పిడకల రంగుకు తిరిగింది. ఆకాశం వైపు చూడసాగాడు. నేను ప్రింటు కాగితంలో తల దూర్చాను. అమ్మ నోరు తెరవబోతే మావయ్య దగ్గాడు. ‘‘ఎవరింటికో సెప్పండి, నాను తీసుకెల్తాను’’ అందా అమ్మాయి. నేను కాగితం తిరగేసి పట్టుకున్నాను. ‘‘అదిగో, ఆ ఎర్ర ట్యాంకు కాడికెల్లి ఎవరినైనా అడగండి’’ అని చెయ్యి చూపించి, మా ముగ్గురి వైపూ ఒకసారి చూసి వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరగ్గానే మావయ్య మమ్మల్ని కారు దింపి, గోడ నీడన కూర్చోబెట్టి, తలా ఒక గ్లాసు నీళ్లు తాగించాడు. పావుగంట ఆగమన్నాడు. ఆ పావుగంటలో రాహుకాలం వచ్చేసింది. ఇక ఆరు దాకా పిడకల ముందే మా కాపురం.

ఆరు దాటాక ఎర్ర ట్యాంకు వైపు పోనిస్తే నాలుగు నిమిషాల్లో ఇల్లొచ్చింది. గుమ్మం పక్కన అదే స్కూటీ. చున్నీ వెనక ఉన్నది పెళ్లికూతురే. వాళ్ల నాన్నగారికి మోకాళ్ల నొప్పులట, మేం ఎంతకీ రాకపోతే తనే వెతకడానికి బయల్దేరిందట. కాఫీ ఇస్తూ, ‘‘దారి దొరికిందాండీ?’’ అంది. ఆ ఒక్క క్షణంలో క్షమించమని ఉంటే సరిపోయేది. నేనేం చేశానంటే, పట్టిక తీసి టీపాయి మీద పరిచి, మూడు మ్యాపులూ నాకు చేసిన అన్యాయం గురించి ఆవేశంగా ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపికగా గడులన్నీ చూసి, ‘‘మనుసుల్ని అడగడానికి ఇందులో గడి లేదేటండీ?’’ అంది.

మూడో రోజు మధ్యవర్తి కబురు మోసుకొచ్చాడు. ‘‘రోడ్డు మీద ఎదర నిలబడి అడిగితే పలకనోడు, రేపు ఇంట్లో పిలిస్తే పలుకుతాడేటి అంటంది బాబూ.’’ మావయ్య మాత్రం, ‘‘చెప్పలేదట్రా? ఎక్కడికని అడిగింది, పని చెడింది’’ అన్నాడు. ఆయనతో ఏం వాదిస్తాం. నాలుగు రోజులు మ్యాపుల్ని తిట్టాను, నెలంతా మావయ్యను తిట్టాను. నన్ను నేను తిట్టుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పుడు నా ఫోను రోజూ ఎక్కడికని అడుగుతుంది, బుద్ధిగా చెబుతాను. (ఈ కథ మా ఆవిడకు తెలుసు. ఒక్కసారి పిలిస్తే నేను పలకడం ఆమెకు కలిసొచ్చిన సంగతి.) మొన్న ఏదో పని మీద దువ్వాడ వైపు వెళ్లాను. రంగు వెలిసిపోయినా ట్యాంకు దూరం నుంచే కనిపించింది. దారి నాకు బాగా తెలుసు. అయినా బండి ఆపి, టీకొట్టు ముందు నిలబడ్డ పెద్దాయన దగ్గరికి వెళ్లి దారి అడగబోయాను. ‘‘ఎక్కడికెల్లాలి బావూ?’’ అన్నాడాయన.

‘‘ఎర్ర ట్యాంకు దగ్గరికండీ’’ అన్నాను. పదిహేనేళ్లు ఆలస్యంగా.