మునెమ్మక్క కట్టిన కట్టు

నేను ఇళ్లకు వెళ్లి రోగులను చూసుకునే నర్సును. పోయిన నెల మా తిరుపతి ఆఫీసులో ఇద్దరు మానేశారు. వాళ్ల బదులు కొత్తవాళ్లు రాలేదు, వాళ్లు చూసే ఇళ్లు మాత్రం నాకు వచ్చాయి. ఈ రోజు ఆరో ఇల్లు తిరుచానూరులో పూలమ్మే మునెమ్మక్కది. అక్కడికి చేరేసరికి రెండు దాటింది, నేనింకా తినలేదు.

ఆమె భర్త కాలికి షుగర్ పుండు. శుభ్రం చేసి మందు వేశాను. కట్టు కట్టబోతుంటే మునెమ్మక్క నా చేతిలోంచి గుడ్డ తీసుకుంది.

"నెల దినాలుగా సూస్తానే ఉండా. ఈరోజు నేను కడతా. నువ్వు ఆ ఫ్యాను కింద కూసోని సూడు పాపా."

రోజూ మాలలు కట్టే చేతులు కదా, బిగుతూ వదులూ కాకుండా నాకంటే చక్కగా కట్టింది. తర్వాత ఒక గిన్నెలో పెరుగన్నం కలిపి ఇచ్చింది. రెండు ముద్దలు తిన్నానో లేదో, మా సూపర్‌వైజర్ ఫోన్ చేశారు. చేతికి అన్నం ఉందని స్పీకర్ పెట్టాను.

"అక్కడ అయిపోయిందా అమ్మా? ఏర్పేడులో ఇంకో పేషెంట్ ఉన్నారు, వెంటనే బయలుదేరు."

నేను నోరు తెరిచేలోపే మునెమ్మక్క ఫోను దగ్గరికి వంగింది.

"యాడయింది సార్? ఈడ ఇంగా పాత కట్టే ఇప్పలేదు. అరగంటన్నా పడతాది."

మంచం మీదున్న ఆమె భర్త కొత్త కట్టున్న కాలిని మెల్లగా దుప్పటి కిందికి లాక్కున్నాడు.

ఏర్పేడుకు వెళ్లాను, గిన్నె ఖాళీ చేశాకే. నేనైతే అబద్ధం చెప్పలేదు. ఆమె చెప్పింది సరిదిద్దలేదు, అంతే. మీరైతే సరిదిద్దేవారా?