అక్క పిలిచిన పొద్దు

అక్క అంటే నా తోడబుట్టిన అక్క కాదు. నా తోటికోడలు, మా ఆయన అన్న భార్య. ఛత్రినాక బస్తీల ఆ ఇంటికి నేను కోడలిగ వచ్చేటప్పటికే అక్క వచ్చి పన్నెండేండ్లయింది. శాలిబండల మా వాళ్లది స్టీలు గిన్నెల దుకాణం. అన్నదమ్ములిద్దరు పొద్దంత దుకాణంల, మేమిద్దరం పొద్దంత వంటింట్ల. పదేండ్లు ఒక్క పొయ్యి ముందు నిలబడ్డా మేం మాట్లాడుకున్నది తక్కువే. ఉప్పు సరిపోయిందా, గ్యాస్ బుక్ చేసిండ్రా, గంతే. అత్తమ్మ ఎప్పుడూ పక్కన్నే కూసొని ఉంటుండె.

అక్కకు షుగరొచ్చింది. రోజూ గంటసేపు నడువుమన్నడు డాక్టరు. మా గల్లీల నడువాలంటే ఒక దిక్కు ఆటోలు, ఇంకో దిక్కు ఎదురొచ్చినోళ్లందరు "ఏడికి పోతున్నవ్" అని అడుగుడు. చాంద్రాయణగుట్ట దాటి పోతే ఊరవతల రిజర్వు అడవి ఉన్నదని, పొద్దుగాల నడిచేటోళ్లను లోపలికి ఇడుస్తరని నా దోస్తు ఒకామె చెప్పింది. నాకు స్కూటీ నడుపుడు వచ్చు. ఒక ఆదివారం అక్కను ఎన్క కూసొబెట్టుకొని పోయిన. అక్క తన కొడుకు పాత స్కూల్ బూట్లు తొడుక్కున్నది. మడమ కాడ కరుస్తుంటే పాత బనీను గుడ్డ పెట్టుకున్నది.

గేటు దాటితే మొరం బాట. అటూ ఇటూ చండ్ర చెట్లు, సీతాఫలం పొదలు. అక్కడక్కడ ఇంత పెద్ద రాతి గుండ్లు. నెమలి మా ముందట్నుంచే, మమ్మల్ని లెక్కచేయకుంట దాటిపోయింది. అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నిలబడ్డది. జూపార్కు మాకు అంత దగ్గరుంటది గని, నడుమ ఇనుప జాలీ లేకుంట నెమలిని చూసుడు ఇద్దరికీ అదే మొదలు.

మొదలు ఉరికింది అక్కనే. ఒకనాడు దిగుట్ల నడుస్తుంటే కాళ్లు వాటంతట అవే అందుకున్నయి. కిందికి పోయి, తుమ్మ చెట్టు పట్టుకొని రొప్పుకుంట నవ్వింది. "పెండ్లయినంక ఉరుకుడు ఇదే ఫస్టే. బస్సు పోతున్నా ఉరకలే నేను" అన్నది.

తర్వాతి వారం నేనూ ఉరికిన. ఆదివారం, గురువారం, వారానికి రెండు పొద్దులు. కొంచెం ఉరికి, కొంచెం నడిచి, మస్తు మాట్లాడుకుంటుంటిమి. నేను డిగ్రీ చదివిన పిల్లనని తెలిసి, నేనొచ్చిన కొత్తల మూడు నెలలు నాతోని సరిగ్గ మాట్లాడలేదట అక్క. "కుళ్లుకున్ననే, ఏం దాస్త" అన్నది. ఆ మూడు నెలలు నేను బాత్రూంల నల్లా ఇప్పి ఏడ్చినని చెప్పిన. అక్క ఆగి నా చెయ్యి పట్టుకున్నది. ఇంట్ల ఎన్నడూ పట్టుకోలే.

రెండేండ్లు గట్ల గడిచినయి. అక్క షుగర్ దిగొచ్చింది. నాకేమో కాళ్లల్ల జోరొచ్చింది. ఆ బాట మీద ఒక రన్నర్ల గుంపు వస్తుండె. వాళ్లల్ల ఒకాయన "మీరు బాగ ఉరుకుతున్నరు మేడం, పోటీలకు రావొచ్చు గదా" అన్నడు. నా జిందగీల వంట గాకుంట ఇంకో పని బాగ చేస్తవని నాకెవ్వరూ చెప్పలే. చేతికి గడియారం కొనుక్కున్న. గుండ్ల దాక పోయి ఇంకో బాటల గేటుకు తిరిగొచ్చే పెద్ద చుట్టు గంట లోపల ఉరకాలని పట్టు పట్టిన. అక్కతోని అయితే అది అయ్యేది కాదు. "నువ్వు పోవే, నేను మెల్లగొస్త" అని అక్కనే అంటుండె. మొదట్ల నేను ఆగి ఆగి పోతుంటి. పోను పోను ఆగుడు బంద్ చేసిన. నిజం చెప్పాలంటే, అక్క నాకు బరువనిపించింది.

ఆ పొద్దు వానలు ఎల్లిపోయి బాటంత కొట్టుకపోయి ఉన్నది. గుండ్ల కాడి దిగుడు దాటి నేను ముందుకు పోయిన. ఎన్క నుంచి అక్క పిలిచింది. "ఆగే... జర ఆగు."

విన్న. ఆగిన గూడ. ఎన్కకు తిరిగి చూడలే, గడియారం చూసుకున్న. అలిసిపోయి నిమ్మళంగ పొమ్మంటున్నదనుకున్న. అట్ల అనుకున్ననో, అనుకోవాలని అనుకున్ననో, ఇప్పటికీ నాకు ఎరుక లేదు. ఇంకోసారి పిలుపు వినొచ్చింది. నేను ఉరికిన.

గంటకు రెండు నిమిషాల తక్కువల గేటు కాడికొచ్చిన. నీళ్లు తాగిన. సంబురమైంది. పది నిమిషాలైంది, పావుగంటైంది, అక్క రాలే. అక్క ఫోను నా స్కూటీ డిక్కీలనే ఉన్నది. అప్పుడు ఎన్కకు ఉరికిన.

అక్క బాట పక్కన గుండుకు ఒరిగి కూసున్నది. ఎడమ పాదం పక్కకు తిరిగిపోయింది. ఎండ మీద పడుతుంటే నీడకు తనంతట తనే జరుగుకుంట వచ్చినట్టుంది, మొరంల ఆ గీత కనపడుతుండె. నన్ను చూసి "వచ్చినవా" అన్నది. అంతే.

గేటు కాడి వాచ్‌మన్, నడువనీకి వచ్చినోళ్లు ఇద్దరు, ప్లాస్టిక్ కుర్చీల కూసొబెట్టి మోసుకొచ్చిండ్రు. బొక్కల దవాఖానల విరిగిన ఎముకకు పట్టీ, స్క్రూలు వేసిండ్రు. షుగరుండె గద, పుండు మానలే. చీము పట్టింది. మళ్ల కోసిండ్రు. ఆరు నెలలు మంచంల ఉన్నది.

దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మొదటి రోజే అత్తమ్మ అందరి ముందట అడిగింది. "ఇద్దరు కలిసే పోయిండ్రు గదా, నువ్వేడున్నవ్?"

"ముందటున్న అత్తమ్మా. నాకు వినపడలే."

మంచం మీదికెల్లి అక్క అందుకున్నది. "దానికెట్ల వినపడతది? నేను పిల్వనే లేదు. పడంగనే గొంతు పట్టుకపోయింది."

నేను వంటింట్లకు పోయి ఏడ్చిన. అందరు అక్క కోసమనుకున్నరు. బయటపడ్డనన్న నిమ్మళంతోని ఏడ్చిన నేను.

అక్క మడమ మళ్ల ఒంగలే. కుంటుకుంట నడుస్తది. మేడ మెట్లెక్కలేదు గనుక కింద ముందర్రల, ముందు గదిల పడుకుంటది. దేవుని అర్ర మీది అంతస్తులనే, అక్కకు అందకుంట ఉండిపోయింది. నడక లేక షుగర్ మళ్ల పెరిగింది, సూదులు మొదలైనయి. నన్ను మాత్రం మూడు నెలలకే మళ్ల పోనిచ్చిండ్రు. బావ వద్దంటే అక్కనే "దాన్నెందుకు ఆపుడు, పోనియ్యుండ్రి" అన్నది. పోటీలల్ల గూడ ఉరికిన. తెచ్చుకున్న మెడల్ ఎవ్వరికీ చూపియ్యలే, చీరల కింద పెట్టిన.

నాలుగేండ్లు గట్లనే గడిచినయి. పోయిన ఆషాడంల, బోనాల ముందట, ఇంటికి సున్నాలేస్తుంటే మేమిద్దరం ముందర్రల ఉన్నం. అక్క కుర్చీల కూసొని కొత్తిమీర తెంపుతున్నది, నేను కింద. అత్తమ్మ చుట్టాలింటికి పోయింది. ఎట్ల వచ్చిందో నోటికి వచ్చేసింది.

"అక్కా, ఆ రోజు నువ్వు పిలిచింది నాకు వినపడ్డది."

అక్క చెయ్యి ఆగలే. "తెల్సు" అన్నది.

"ఎట్ల తెల్సు?"

"కనపడుతనే ఉంటివి గదనే. నువ్వు ఆగినవ్. చెయ్యెత్తి గడియారం చూసుకున్నవ్. అమ్మయ్య, వస్తది ఇగ, అనుకున్న. నువ్వు ఉరికినవ్."

నేను అడిగిన. "ఇంట్ల ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్తే నిన్ను గూడ ఆపుతుండిరి. ఇద్దరికీ బంద్ అయితుండె" అన్నది. తలెత్తి నా దిక్కు చూసింది. "కోపం లేదనుకోకు. ఉండె. మస్తుండె. ఆ మంచంల పండుకున్నన్ని దినాలు నువ్వు బూట్లు తొడుక్కున్నప్పుడల్లా నీ మొఖం చూడబుద్ధి కాకపోయేది. ఇప్పుడు జర తక్కువైంది."

ఆమె కాళ్ల మీద తల పెట్టి ఏడ్వాలనిపించింది. ఆ కాళ్ల మీద తల పెట్టే మొఖం నాకేడిది? కూసున్న కాడనే కూసున్న.

ఆ వారం అడవికి పోలే నేను. పై వారం అక్క కాడికి పోయి అడిగిన. "స్కూటీ మీద గేటు దాక వస్తవా అక్కా? లోపలికి వద్దు. బెంచీ ఉన్నది, కూసుందం. చెట్లు చూద్దం."

అక్క కిటికీ దిక్కు చూసింది.

"వద్దు" అన్నది. "చూస్తే ఉరకాలనిపిస్తది."

మళ్ల అడగలే నేను.