పేర్లు లేని హాల్ టికెట్లు

ఢిల్లీ సాకేత్‌లోని ఆ ఆఫీసులో చేరిన కొత్తలో నా ప్రొబేషన్ ఒకే ఒక్క పని మీద వేలాడుతుండేది. లక్ష్మీ నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌కు హాల్ టికెట్లు తయారు చేసే స్క్రిప్టు అది, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రాం. సరిగ్గా నడిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికి.

విద్యార్థుల పేర్లు హిందీలో ఉన్నాయి. స్క్రిప్టు మొదటి పేరు దగ్గరే ఆగిపోయి ఈ అక్షరాలు నాకు తెలియవంది. ఏ పద్ధతిలో రాశారో మనం చెప్పకపోతే, ఆ రోజుల్లో పైథాన్ ప్రతి ఫైలునూ ఇంగ్లీషే అనుకునేది. నేను నోరు విప్పకముందే ఢిల్లీ నన్ను మద్రాసీ అనుకున్నట్టు.

ఈ జబ్బుకు మా ఆఫీసులో మూడు మందులుండేవి. అక్షరాలను అంకెలుగా మార్చే ఎన్‌కోడ్ చేర్చడం. తగ్గకపోతే అంకెలను మళ్లీ అక్షరాలుగా మార్చే డీకోడ్ చేర్చడం. అప్పటికీ తగ్గకపోతే రెండూ చేర్చి టీకి వెళ్లడం. మూడూ వాడాను. టీ ఒక్కటే పనిచేసింది.

మా టీమ్ లీడ్ గుంటూరాయన, ఢిల్లీలో బాగా నానినవాడు. నా కుర్చీ వెనక నిలబడి చూశాడు.

"ఏంది తమ్ముడూ, ఇంకా అక్కడే ఉన్నావా? ఇగ్నోర్ అని పెట్టెయ్."

"పెడితే తెలియని అక్షరాలన్నీ వదిలేస్తుంది కదన్నా."

"వదిలేస్తే వదిలేసిద్ది. ఎర్రర్ రాదుగా? ఠీక్ హై. టెస్ట్ చేసి పంపించు."

టెస్ట్ చేశాం. ఆయన పేరు, నా పేరు, రెండూ ఇంగ్లీషు అక్షరాల్లో. ఢిల్లీలో ఇద్దరు తెలుగువాళ్లు కంప్యూటర్లో తమ పేర్లు ఇంకెలా కొడతారు? హిందీలో కొట్టడం చేతకాదు, తెలుగులో కొట్టాలన్న ఆలోచనే రాదు. రెండు హాల్ టికెట్లూ ముచ్చటగా వచ్చాయి.

మర్నాడు పొద్దున్నే కోచింగ్ సెంటర్ యజమాని లీడ్‌కు ఫోన్ చేశాడు. "భయ్యా, బచ్చోం కా నామ్ కహాఁ హై?" పిల్లల పేర్లు ఉండాల్సిన చోట తెల్ల కాగితం మాత్రమే ఉందట.

"రోల్ నంబర్ తో హై నా, సర్?" అన్నాడు లీడ్, నంబరుంటే చాలదా అన్నట్టు. ఫోన్ పెట్టేశాక నావైపు తిరిగి, "మన పేర్లు వచ్చినయ్యిగా?" అన్నాడు. హిందీలో పేర్లు పెట్టుకోవడం ఆ పిల్లల పొరపాటే మరి.

ఇగ్నోర్ తీసేశాను. ఫైలు చదివే చోట ఒక్కసారి, అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో డీకోడ్, రాసే చోట ఒక్కసారి ఎన్‌కోడ్, మధ్యలో ఏదీ ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి పేర్లన్నీ వచ్చాయి. వేరే పద్ధతిలో రాసిన ఫైలు వస్తే మాత్రం స్క్రిప్టు ఆగి, ఇది నేను చదవలేను అని చెబుతుంది. అబద్ధం అచ్చువేయడం కన్నా ఆగడం నయం కదా అని మురిసిపోయాను.

ప్రొబేషన్ మీటింగ్‌లో మేనేజర్ రెండే ప్రశ్నలు అడిగాడు. పాత స్క్రిప్టులో ఎర్రర్లు ఎన్ని? ఒక్కటీ లేదన్నాడు లీడ్. కొత్తదాంట్లో? అప్పుడప్పుడు ఆగుతుంది సర్ అన్నాడు.

"తో పెహలే వాలా బెటర్ థా," అన్నాడు మేనేజర్. పాతదే మేలట.

నా ప్రొబేషన్ పొడిగించారు. ఆ సంగతి తెలిపిన కాగితం మీద నా పేరు, ఇంగ్లీషులో, ఒక్క అక్షరమూ పోకుండా ఉంది.