కాశింభాయి పక్కన కూర్చుని రాసిన మధ్యాహ్నం

1978లో నేను ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటున్నాను. మనిషి మాట్లాడే వేగానికి మాటలను గీతలుగా, చుక్కలుగా రాసుకోవడమే షార్ట్‌హ్యాండ్. మాస్టారు పేపరు చదివేవారు, మేం రాసేవాళ్లం. ఒక మాట దగ్గర తడబడితే వెనకాల నాలుగు పోయేవి. బస్సులో కూర్చున్నా, అన్నం ముందు కూర్చున్నా నా వేలు ఏదో ఒకటి గీస్తూనే ఉండేది.

ఒకరోజు ఉదయగిరి నుంచి కాశింభాయి వచ్చాడు. చెక్కతో గరిటెలు, చెంచాలు చేస్తాడు. ఏడాది కిందట జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి.

"మా తమ్ముడు కొట్టు తనకియ్యమని పెద్దమనుషుల్ని పిలిపిస్తా ఉండాడు. వాళ్లు మాట్లాడతా ఉండంగానే రాసి చూపిచ్చేవాళ్లు కావాల" అన్నాడు.

మాస్టారు నావైపు చూశారు. షార్ట్‌హ్యాండ్ గీతలు కాశింభాయి చదవలేడు. తెలుగులోనే రాయాలి. అంత వేగం నాకు లేదు. అయినా వెళ్లాను.

వాళ్లింటి వసారాలో మాటలు ఉర్దూలో మొదలయ్యాయి. నేను రాయకపోవడం చూసి, "ఈ పాపకు ఉర్దూ రాదు, తెలుగులో చెప్పండి" అన్నాడు కాశింభాయి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరిది రాయాలో తెలిసేది కాదు. దీర్ఘాలు వదిలేసి, మాటలు కుదించి రాస్తున్నాను. ఆయన నా భుజం పక్కనుంచి చదువుతున్నాడు.

అప్పుడు తమ్ముడు మస్తాన్ అన్నాడు: "చెవిటోడి ముందర ఇంత చర్చేంది? ఏం చెప్పినా తలూపతాడు. కానీండి."

నా పెన్సిలు ఆగింది. ఆ ముక్క దాటేసి తర్వాతది రాద్దామనుకున్నాను. కాశింభాయి నా ముఖం చూశాడు.

"ఏమన్నాడమ్మా? నాకోసం ఏరి రాయబాక."

రాశాను. ఆయన చదువుకుని తమ్ముడివైపు తిరిగాడు.

"నువ్వేమంటా ఉండావో తెలీక ఏడాదిగా తలూపినాను రా. ఇప్పుడు తెలిసింది, ఊపను. బేరాలు నువ్వు చూసుకో, నీ భాగం నీకిస్తా. కొట్టు నాది."

తర్వాత పెద్దమనుషులు ప్రతి మాటా ఆయనవైపు తిరిగి అడిగారు, నేను రాసేదాకా ఆగారు. పొద్దు వాలేసరికి మస్తాన్ ఒప్పుకున్నాడు. నావైపు మాత్రం చూడలేదు.

తర్వాత కోర్టులో స్టెనోగా చాలా ఏళ్లు పనిచేశాను. వినలేని మాటలు, రాయలేని మాటలు ఎన్నోసార్లు వచ్చాయి. ఎదుటి మనిషి ఏ మాటను తట్టుకోగలడో తేల్చేది రాసేవాళ్లు కాదని నాకు ఆ వసారాలోనే తెలిసింది. నేను దాటేద్దామనుకున్న మాటకే కాశింభాయి జవాబు చెప్పాడు.