కిందకి చూడలేని బావ

మా అక్క భర్త పోయాడని ఫోన్ వచ్చినప్పుడు నేను ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటు ఇంజన్ విప్పుకుని కూర్చున్నాను. చేతుల నిండా గ్రీజు. అక్క ఏడవలేదు. "మీ బావకి ఊపిరందలేదురా, రా" అని పెట్టేసింది. పక్కన చేపల వేలం ఎప్పటిలాగే నడుస్తోంది. ఎవరికి చెప్పాలో తోచలేదు. ఆ జెట్టీ మీద ముప్పై ఏళ్ళు వలలు బాగుచేసిన మనిషి పోయాడంటే అక్కడివాళ్ళు ఏమంటారో నాకు తెలుసు. ఆ మాట మొదట అన్నది నేనే.

బావ వల ముందు కూర్చుంటే చూడాలి మీరు. ఒక అంచు కాలి బొటనవేలికి తగిలించి, మిగతాది ఒళ్ళో పరుచుకుని, తల వంచితే ఇక ఎత్తేవాడు కాదు. ఎవరైనా పలకరిస్తే వల అల్లే సూది చెవి మీద పెట్టుకుని మాట్లాడి, తర్వాత దానికోసం వలంతా వెతికేవాడు. మేం చెప్పేవాళ్ళం కాదు, నవ్వుకునేవాళ్ళం. వలలో కన్నాన్ని మనకంటే ముందు చేప చూస్తుందనేవాడు. మందు ముట్టేవాడు కాదు. తాగిన చేత్తో వేసిన ముడి నిలవదని ఆయన నమ్మకం. టీ మాత్రం రోజుకి ఎన్ని గ్లాసులు తాగేవాడో ఆయనకే తెలీదు.

మూడేళ్ళ కిందట పడిపోవడం మొదలైంది. ముందుకి కాదు, వెనక్కి. నిలబడ్డవాడు నిలబడ్డట్టే వెల్లకిలా పడేవాడు. మాట ముద్దముద్దగా వచ్చేది. రెప్ప వెయ్యకుండా చూసేవాడు. వల ఒళ్ళో ఉన్నా దానికేసి చూడకుండా, ఎదురుగా ఎటో చూస్తూ చేతులాడించేవాడు. ముడులన్నీ వదులు. హార్బర్‌లో పొద్దున్నే తూలేవాణ్ణి చూస్తే ఎవరికైనా తట్టేది ఒక్కటే. ఒకరోజు అందరి ముందూ నేనే అనేశాను.

"ఏటి బావా, పొద్దున్నే ఏసీసేవా?"

అందరూ నవ్వారు. "నాను తాగలేదురా" అన్నాడు బావ. నోరు తిరగక ఆ మాట కూడా తాగినవాడి మాటలాగే వచ్చింది.

బోటు యజమాని అడిగితే అతనికీ అదే చెప్పాను. పని పోయింది. అయినా బావ రోజూ వచ్చేవాడు. టీ బడ్డీ దగ్గరికి ఆయన రాగానే, ఆయనతో వలలు అల్లిన జట్టువాళ్ళు ఒక్కొక్కరే లేచి అవతలికి పోయేవాళ్ళు. ఖాళీ బెంచీ మీద ఒక్కడే కూర్చుని, చొక్కా మీద ఒలికించుకుంటూ టీ తాగేవాడు. అదీ మత్తు ఖాతాలోకే వేశాం. ఏడాదిపాటు నేనూ పలకరించలేదు. ఆ ఏడాది గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చివరికి అక్క పట్టుబట్టి నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తోడు వెళ్ళాను. డాక్టరమ్మ తన వేలు చూపించి, తల కదపకుండా దాన్నే చూడమంది. పక్కలకి తిరిగిన కళ్ళు కిందకి మాత్రం దిగలేదు. మెదడు కణాల్లో సన్నటి దారులుంటాయట. పందిరి గుంజల్ని తాడు పట్టి ఉంచినట్టు, టావ్ అనే ప్రొటీన్ ఆ దారుల్ని పట్టి ఉంచుతుందట. కొందరిలో ఆ కట్టు ఊడి, టావ్ తనలో తానే చిక్కుపడి ఉండలు కడుతుంది. కణం కూలిపోతుంది. అల్జీమర్స్‌లో కూడా ఈ చిక్కులు ఉంటాయి, కానీ అక్కడ చాలామందికి ముందు జ్ఞాపకం దెబ్బతింటుంది. బావకి ఒంటి నిలకడనీ కంటి కదలికనీ నడిపే చోట మొదలైంది. ఆయనకి ఒళ్ళో వలే కాదు, కంచంలో అన్నం కూడా కనపడటం లేదు. ఇలాంటివాళ్ళని తాగారనుకోవడం మామూలేనని, జబ్బుని ఆపే మందు ఇంకా లేదని చెప్పింది.

బయట వరండాలో బావ చెయ్యి పట్టుకుని తప్పయిపోయిందన్నాను. ఒక్కో మాటే కూడదీసుకుని అన్నాడు బావ.

"నాకే తెల్దు కదరా. నీకెలా తెలుత్తాది."

తిట్టినా బాగుండేది.

మర్నాడు ఒక పాత వల తెచ్చి, గుమ్మం పైన మేకులు కొట్టి, ఆయన కళ్ళకి ఎదురుగా వేలాడదీశాను. మూడు నెలలు దాని ముందు కూర్చుని అల్లాడు. తర్వాత వేళ్ళు బిగుసుకున్నాయి. మింగడం కష్టమైంది. మనుషులు మాత్రం గుర్తే. జట్టువాళ్ళు వస్తారా అని అడిగేవాడు. వస్తారనేవాణ్ణి. హార్బర్‌లో ఎవరికీ నిజం చెప్పలేదు. చెప్పాలంటే ముందు నా నోటి మాట వెనక్కి తీసుకోవాలి. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే గడిపేశాను. ఆయన అడగడం కూడా మానేశాడు.

పెద్దకార్యం రోజున, పోయినవాళ్ళకి ఇష్టమైనవి ఫొటో ముందు పెట్టడం మాలో అలవాటు. అక్క చేపల పులుసు వండి విస్తట్లో వడ్డించింది. ఆ రోజు జట్టంతా వచ్చింది. పాతికేళ్ళు బావ పక్కనే కూర్చుని వలలు అల్లిన పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ సంచిలోంచి బ్రాందీ సీసా తీసి విస్తరి పక్కన పెట్టబోయాడు.

"ఆడికిట్టం కదా, తాగనీ" అన్నాడు. ప్రేమగానే అన్నాడు.

అక్క నావైపు చూసింది.

"బావ ఏ రోజూ తాగలేదు" అన్నాను. "అది జబ్బు. తాగీసేడని సెప్పింది నాను."

పెద్దాయన వంగినవాడు మెల్లగా లేచాడు. సీసాని కింద పెట్టలేక, మళ్ళీ సంచిలో వేసుకోలేక, రెండు చేతులతో పట్టుకుని ఫొటో ముందు అలాగే నిలబడిపోయాడు.