వంతు నర్సవ్వది, కల్లం రావు గారిది

2025 మార్చి. జగిత్యాలలో రైతులకు వాతావరణ సలహాలు రాసే ఉద్యోగంలో నేను చేరి అప్పటికి మూడేళ్లయింది. పాత జిల్లాలో కోరుట్ల నుంచి సిరిసిల్ల వరకు నా పరిధి. ఏం చేస్తావని ఎవరైనా అడిగితే "వాన సంగతి చెప్తాను" అంటాను. "అయితే రేపు పడుతదా?" అని వెంటనే అడుగుతారు. నేను ఎక్కువగా చూసేది రేపటి సంగతి కాదు. అందుకే ముందు ఆ పనేమిటో చెప్పాలి.

మా దగ్గర అంచనాలు మూడు రకాలు. మొదటిది ఐదు రోజులది. ఏ రోజు వాన, ఏ రోజు ఎండ అని కాస్త ధైర్యంగానే చెప్పొచ్చు. రెండోది మొత్తం కాలానిది, అంటే ఈ వేసవి ఎలా ఉంటుందని. ఈ రెండింటి మధ్య ఉండేది ఎక్స్‌టెండెడ్ రేంజ్ ఫోర్‌కాస్ట్. ప్రతి గురువారం వస్తుంది, రాబోయే నాలుగు వారాలకు నాలుగు మ్యాప్‌లు ఉంటాయి. అది ఫలానా రోజు వాన పడుతుందని చెప్పదు. ఆ వారం మొత్తం మీద, ఆ ప్రాంతం మొత్తం మీద, వానగానీ ఎండగానీ మామూలు కంటే ఎక్కువా తక్కువా అన్నదే చెబుతుంది. మామూలుకూ దీనికీ ఉన్న తేడాను మేం ఎనామలీ అంటాం. వాన మ్యాప్‌లో ఆకుపచ్చ ఉంటే మామూలు కంటే ఎక్కువ, గోధుమరంగు ఉంటే తక్కువ. ఇక్కడో మెలిక ఉంది. మార్చిలో మా వైపు మామూలు వానే నామమాత్రం. కాబట్టి ఒక్క జల్లు గట్టిగా కొట్టినా ఆ వారం ఆకుపచ్చలోకి పోతుంది. ఆకుపచ్చను చూసి జూలై వానలను ఊహించుకోకూడదు.

కోరుట్ల వైపు మార్చి అంటే పసుపు. తొమ్మిది నెలలు పెంచిన దుంపను తవ్వి, ఆవిరిలో ఉడికించి, రెండు వారాలు ఎండలో ఆరబెడతారు. తవ్వకముందు భూమిలో ఉన్న దుంప ఆగుతుంది, ఎండకు నేల గట్టిపడి తవ్వేవాళ్లకు కష్టమవుతుంది, అంతే. ఒకసారి ఉడికిందంటే మాత్రం ఆగదు. మొదటి వారంలో తడిస్తే రంగు చెడుతుంది. తడవకుండా పాలిథిన్ కవరు బిగించి కప్పితే లోపల చెమటపట్టి బూజు వస్తుంది. ఓ వారం గడిచి పైపొర గట్టిపడ్డాక కుప్పచేసి ఒకటి రెండు రాత్రులు కప్పినా ఫరవాలేదు. ఆ రెండు వారాల ఆరుదలకు ఐదు రోజుల అంచనా చాలదు, వేసవి మొత్తం అంచనాతో పనిలేదు. సరిగ్గా సరిపోయేది నా గురువారం మ్యాప్ ఒక్కటే. అందుకే కోరుట్ల పక్కన ఒక పసుపు ఊరిని ఎంచుకుని, ఆ ఏడు వాళ్ల పని రోజులతో మా మ్యాప్‌లను పోల్చి చూడసాగాను.

ఆ ఊళ్లో పసుపు ఉడికించే బాయిలర్ ఒక్కటే. దాని యజమాని మల్లేశం ట్రాక్టరుకు తగిలించుకుని చేను చేనుకూ తిప్పుతాడు. ఎవరి తర్వాత ఎవరిదన్నది బడి వరండాలో చిట్టీలు వేసి తేలుస్తారు. చిట్టీలో వచ్చిందే వంతు.

గురువారం మ్యాప్‌లు వచ్చాయి. మొదటి వారం ఎండ మామూలు కంటే రెండు డిగ్రీలు ఎక్కువ, పొడి. రెండో వారం వాన ఎక్కువ, ఎండ తక్కువ. మూడో వారం మళ్లీ పొడి, మళ్లీ ఎండ. నాలుగో వారం మామూలే. శుక్రవారం పొద్దున్నే మల్లేశం ఫోన్ చేశాడు.

"సారూ, మీ మ్యాప్ మా ఊరి గ్రూప్ల ఎవడో పెట్టిండు. కింద రాసిందంత కోసేసి బొమ్మ ఒక్కటే పెట్టిండు. జిల్లా అంత పచ్చగున్నది. ఇగ ఎవ్వలు బాయిలర్ తెమ్మంటలేరు. అందరికీ ఎనక వంతే గావాలెనట."

"అందరూనా?"

"ఒక్క నర్సవ్వ తప్ప. ఆమె నా వంతు నాకే అంటున్నది. మీరొచ్చి చెప్పుండ్రి సారూ. నేను చెప్తే తిడుతది."

మధ్యాహ్నానికల్లా వెళ్లాను. బాయిలర్ నిలిపిన రేకుల కింద పదిమంది దాకా ఉన్నారు. నర్సవ్వకు యాభై దగ్గరగా ఉంటాయి. ఇన్నేళ్లూ ఇతరుల పసుపు తవ్వింది, ఉడికించింది, ఆరబెట్టింది. ఆ ఏడు మొదటిసారి ఎకరం కౌలుకు పట్టి సొంతంగా వేసింది. రంగు చెడితే మళ్లీ ఆమెకు కౌలు ఇచ్చేవాళ్లుండరని అక్కడున్న అందరికీ తెలుసు. ఆమె వంతు మొదటి వారం చివర వచ్చింది. అంటే ఉడికిన పసుపు పచ్చిగా ఉండే రోజులన్నీ రెండో వారంలో పడతాయి. ఆరబెట్టేది చేనులోనే, మట్టి నేల మీద.

నేను మొదలుపెట్టాను. "అక్కా, ఆ వారంలో ఇటువైపు వాన మామూలు కంటే ఎక్కువ పడే అవకాశం పదిలో ఆరు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "పదిట్ల ఆరంటే ఎట్ల తమ్మీ? నా చేను గా ఆరుల ఉన్నదా, మిగిలిన నాలుగుల ఉన్నదా?"

మల్లేశం నవ్వాడు. "చెప్పుండ్రి సారూ, సర్వే నంబర్ ఇయ్యాల్నా?"

"అది ఎవరూ చెప్పలేరక్కా," అన్నాను. "జిల్లా అంతటికీ కలిపి చెప్పేదే."

"చెప్పలేనప్పుడు నా వంతు ఎందుకు ఆపాలె?"

ప్రశ్న సరైనదే. నేను నా పద్ధతిలో లెక్క చెప్పాను. వాన పడకపోతే ఆగినందువల్ల పోయేది కొంత కూలి, గట్టిపడిన నేల. పడితే ఆగనందువల్ల పోయేది తొమ్మిది నెలల పంట. కాబట్టి ఆగడమే మంచిది. వెనక వంతులవాళ్లెవరూ ముందుకు రానంటున్నారు, ఒక్క రాజేశ్వర్‌రావు గారు తప్ప. ఆయనది ఆ ఊరి పాత దొరల కుటుంబం. ఇప్పుడు కోరుట్లలో ఎరువుల దుకాణం నడుపుతూ ఇక్కడ సేద్యం చేయిస్తున్నారు. ఆయనకు సిమెంటు కల్లం ఉంది, దాని పక్కనే పెద్ద రేకుల షెడ్డు ఉంది. వాన వచ్చినా పసుపును లోపలికి లాగేసుకోవచ్చు. ఆయన వంతు మూడో వారం చివర. ఇద్దరూ వంతులు మార్చుకుంటే ఎవరికీ నష్టం లేదు. కాగితం మీద ఇంతకంటే శుభ్రమైన పరిష్కారం నాకు ఎప్పుడూ దొరకలేదు.

మల్లేశం బాయిలర్ వాల్వు పట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"తమ్మీ, నీది ఏ ఊరు?" అంది నర్సవ్వ.

"సిరిసిల్ల అక్కా."

"గందుకే నీకు తెల్వది. మా మామ ఉన్నప్పుడు దొర గడి పసుపు ఉడికినంకనే ఊరి పసుపు ఉడికేది. వాన రానీ, పిడుగు వడనీ. మా అత్త గా పొయ్యిల కాడనే ముసలిదైంది. ఇప్పుడు చిట్టీల నా పేరు ముందు అచ్చింది. నేను కొట్లాడి తెచ్చుకున్నది గాదు, చిట్టీల అచ్చింది. దాన్ని తీస్కపోయి మల్ల ఆ ఇంటికే ఇయ్యమంటున్నవ్."

"వాన కోసమే కదక్కా..."

"ఎందుకోసమైనా. రేపు ఊరేమంటది? నర్సవ్వ ఎనకకు జరిగింది అంటది. వాన ముచ్చట ఎవనికి యాదికుంటది?"

నేను లెక్కలోకి తీసుకున్నవి వాన, ఎండ, పసుపు, కూలి. వంతు అన్నది నాకు కేవలం ఒక తేదీ.

తేదీ కదలదని తేలాక, కదిలేదేదో చూడాలి. నేను మళ్లీ అడగడం మొదలుపెట్టాను. పచ్చి పసుపు ఎన్నాళ్లు? టార్పాలిన్ ఎవరి దగ్గర ఉంది? రాత్రి కుప్ప చేస్తే ఎవరు కాపలా? నర్సవ్వ ఒక్కోదానికి విసుక్కుంటూనే జవాబిచ్చింది. "మట్టి నేల గాకుండా ఇంకెక్కడన్నా ఆరబెట్టొచ్చా?" అన్నప్పుడు మాత్రం ఆగింది.

"రావు సారు కల్లం ఇప్పుడు ఖాళీగనే ఉన్నది గదా?" అంది మల్లేశం వైపు తిరిగి.

"ఖాళీగనే ఉన్నది. కుక్కలు పంటున్నయి."

"ఆయన వంతు అచ్చేటాలకు నాది సంచులల్ల ఎక్కుతది."

సాయంత్రం రావు గారు వచ్చారు. ఆమే అడిగింది, నేను కాదు. ఆయన బండి దిగకుండానే విన్నారు.

"ఏందే నర్సవ్వా, మా కల్లం మీద నీ పసుపు వోస్తవా? మల్ల నాది ఎక్కడ ఆరవెట్టాలె, నీ నెత్తి మీదనా?"

"నా నెత్తి సరిపోదు సారూ. మీ వంతు నాటికి ఊడ్చి, కడిగి ఇస్త. ఉత్తగ వద్దు, మీ తవ్వకానికి నాలుగు దినాలు నేనూ నా కోడలూ అస్తం. వంతు మాత్రం నాదే."

ఆయన నా వైపు చూశారు. "మూడో వారం చివర నాకు వాన ఉందా? మీ మ్యాప్ ఏమంటది?"

"పొడిగానే చూపిస్తుంది సార్. కాకపోతే వారం దూరమయ్యేకొద్దీ నమ్మకం తగ్గుతుంది."

"అంటే ఎవలికీ తెల్వదన్నట్టు."

"కొంచెం తెలుసు సార్."

ఆయన కాసేపు బండి తాళం చేతిలో తిప్పుతూ ఉన్నారు. చుట్టూ ఉన్నవాళ్లు ఆ చేతినే ఎందుకు చూస్తున్నారో ఈసారి నాకు అర్థమైంది. "మా తాత వింటే సమాధిల నుంచి లేస్తడు," అన్నారు చివరికి. ఆ తర్వాత నవ్వారు. "లేవనీ. షెడ్డు తాళం మల్లేశం దగ్గర వెడుత. కుక్కలను నువ్వే ఎల్లగొట్టుకోవాలె."

అనుకున్న రోజునే నర్సవ్వ పసుపు ఉడికింది. రెండో వారం మధ్యలో నేను సిరిసిల్లలో మా ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం దాటాక గాలి లేచింది, పక్క వీధిలో మరమగ్గాల చప్పుడు ఒక్కసారిగా ఆగింది, కరెంటు పోయింది. రేకుల మీద రాళ్లవాన మోత. ముస్తాబాద్ వైపు వరి పొలాల్లో మోకాలెత్తు పైరు పడిపోయిందని సాయంత్రానికే ఫోన్లు వచ్చాయి. నేను మల్లేశానికి ఫోన్ చేశాను.

"ఇక్కడనా? మబ్బు వట్టింది సారూ. గాలికి రేకులు కొట్టుకున్నయి. నర్సవ్వ, కోడలు కలిసి పసుపంత షెడ్డులకు గుంజిండ్రు. చినుకు వడలే."

మర్నాడూ అంతే. ఆ వారం ముగిశాక మ్యాప్‌ను నిజంగా పడ్డ వానతో పోల్చడం నా పని. దాన్ని వెరిఫికేషన్ అంటాం. మొత్తం ప్రాంతంలో వాన మామూలు కంటే ఎక్కువే. నా పట్టికలో ఆ వారం ఎదురుగా 'హిట్' అని రాశాను. ఆ ఊళ్లో మాత్రం వాన కొలిచే గొట్టంలో దుమ్ము తప్ప ఏమీ లేదు.

పసుపు సంచులకెక్కే ముందు రోజు వెళ్లాను. నర్సవ్వ కల్లం మీద కూర్చుని కొమ్ములు ఏరుతోంది.

"రా తమ్మీ. నీ వాన రాలే గదా."

"వచ్చిందక్కా. సిరిసిల్లలో, ముస్తాబాద్‌లో బాగా పడింది."

"ముస్తాబాద్ల నాకు పసుపు లేదు గదా!"

కోడలు పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఆమె ఒక కొమ్ము తీసి నా చెవి దగ్గర విరిచింది. బాగా ఎండిన కొమ్ము విరిగితే లోహం మోగినట్టు టంగుమంటుంది. లోపల నారింజ రంగు, అంచు వరకు ఒకటే తీరు.

"చేన్ల ఆరవెట్టినా గిట్లనే అయ్యేదేమో," అంది. "వాన రాలేదాయె."

"అయ్యేదేమో అక్కా."

"గానీ నేను నిద్రవోయిన. మొగులు చూసుకుంట కూసోలే."

అంతకుముందు వరకు నా సలహాపత్రాల చివర 'రైతులు తగు జాగ్రత్తలు తీసుకోగలరు' అని ఉండేది. ఏ రైతు, ఏ జాగ్రత్త అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. పదిలో ఆరు అన్న మాటను పదిలో తొమ్మిది చేయడం నా చేతిలో లేదు. ఆ ఆరుకీ నాలుగుకీ కూడా పనికొచ్చే ఏర్పాటు వెతకడం మాత్రం చేతిలో ఉంది. అందుకు మ్యాప్ తెరిచే ముందే అడగాల్సినవి ఉన్నాయి: ఈ మనిషి దేన్ని కదపగలదు, దేన్ని కదపదు, ఎందుకు కదపదు, వానకు అడ్డంగా ఉండే కప్పు ఎవరి దగ్గర ఖాళీగా ఉంది. మూడో ప్రశ్నకు జవాబు ఏ ఉపగ్రహమూ పంపదు. దానికి ఆ ఊరే వెళ్లాలి.

ఈ ఏడు చిట్టీలకు నన్ను పిలిచారు. బడి వరండాలో రెండు డబ్బాలు పెట్టారు. ఒకటి బాయిలర్‌కు. రెండోది రావు గారి కల్లానికి. ఆయన వంతు లేని రోజుల్లో ఎవరు ఎప్పుడు వాడుకోవాలన్నదానికి, కావాలన్నవాళ్లు చిట్టీ తీయొచ్చు. మొదటి డబ్బాలో నర్సవ్వ పేరు చివరగా, నాలుగో వారానికి వచ్చింది.

"ఆఖరికి అచ్చింది తియ్," అన్నాడు మల్లేశం, ఆమె మొహం చూస్తూ.

"చిట్టీల అచ్చింది. నాకేం రంది?" అని నా వైపు తిరిగింది. "తమ్మీ, నాలుగో వారం సంగతేంది?"

మ్యాప్ తీశాను. లేత ఆకుపచ్చ. "బొమ్మయితే ఉందక్కా. నాలుగో వారం మీద మాత్రం నాకే అంత నమ్మకం లేదు."

"గట్లనా," అని ఆమె రెండో డబ్బాలో చెయ్యి పెట్టింది.